పార్కులో దింపుడు కళ్లం రాయి

మున్సిపల్ ఇంజనీరంటే బయటివాళ్ళకు రోడ్లు, కాలవలు, కుళాయిలు. చేరిన కొత్తల్లో నేనూ అదే అనుకున్నాను. దిగిపోయాక తీరిగ్గా చూసుకుంటే, నేను చేసిన పనిలో సగం జనం ఒకచోట పెట్టుకున్నదాన్ని తీసి ఇంకోచోట పెట్టడమే. కుళాయి, చెత్తకుండీ, బడ్డీకొట్టు, విగ్రహం, చివరికి ఒక రాయి. తీసేటప్పుడు ఎవరూ అడ్డం రాకపోతే పని సాఫీగా అయిందని సంబరపడేవాళ్ళం. ఎవరూ అడ్డం రాని పనికే ఎక్కువ భయపడాలని ఆ రాయి దగ్గర తెలిసింది.

ఇది కొత్తగా ఏఈలుగా చేరే పిల్లల కోసం రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. అవి అందరికీ వచ్చేవే, కాస్త ముందూ వెనకా. ఊళ్ళలో పాత రాళ్ళు తెచ్చి పార్కుల్లో నిలబెట్టే సరదా మళ్ళీ మొదలైందని విన్నాను, అందుకే కలం పట్టాను. ఊరి పేరు అడగకండి. పత్తి మిల్లులు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఉన్న ఒక మెట్ట పట్నం అనుకోండి, చాలు.

పగలగొట్టాక పుట్టిన ప్రేమ

తొంభైల చివర్లో మా ఊరి మెయిన్ రోడ్డును నాలుగు వరసలు చెయ్యమని ఆర్డరు వచ్చింది. ఆ దారి పొడుగునా పాత కట్టడాలే. యాత్రలకు పోయేవాళ్ళు దిగే సత్రం, దాని ముందు రాతి మండపం, పెద్ద పెద్ద గిలక బావులు. సత్రం నిలబడి ఉన్నన్నాళ్ళూ దాన్ని ఊడ్చిన పాపాన ఎవరూ పోలేదు. మండపంలో మేకలు కట్టేసేవాళ్ళు. స్తంభాల మీద సినిమా పోస్టర్లు. వెనకవైపు ఏం చేసేవాళ్ళో రాయడం బాగుండదు. పొక్లెయిన్ పెట్టి కూల్చిన మర్నాటి నుంచి మాత్రం ఊరంతా దాని వైభోగం చెప్పుకోవడం మొదలుపెట్టింది. చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అనలేదు.

అప్పటి కమిషనర్ గారు చిన్నవయసు మనిషి, వేరే జిల్లా నుంచి వచ్చారు. సత్రం రాళ్ళను ట్రాక్టర్లకెత్తి పల్లం పూడ్చడానికి పంపిస్తుంటే, జీపు ఆపి దిగి, ఒక స్తంభాన్ని అరచేత్తో తడిమి చూశారు. ఆ సాయంత్రమే ట్రాక్టర్లు ఆపించారు. బందెలదొడ్డి స్థలంలో పార్కు కడదాం, ఈ రోడ్డు మీద దొరికిన ప్రతి పాత రాయీ అందులో పెడదాం, పిల్లలు వాటి మధ్య ఆడుకుంటారు అన్నారు. ఆయన్ను తిట్టడానికి ఇది రాయడం లేదు. నేను పనిచేసిన పెద్దల్లో రాయిని తడిమి చూసినవాడు ఆయనొక్కడే.

ఆ పని నాకు అప్పగించారు. చీమకుర్తి నుంచి రాతి పనివాళ్ళను పిలిపించాను. సత్రం స్తంభాలను ఫౌంటెన్ చుట్టూ నిలబెట్టాం. బావి ఒరలతో పూలకుండీలు చేశాం. నా ఉద్యోగం మొత్తంలో పొద్దున్నే లేచి ఇష్టంగా వెళ్ళిన పని అది. అది అలా ముగియడమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

రోళ్ళ దారి

ముందే ఒక హెచ్చరిక వచ్చింది. దాన్ని మేం నవ్వులాట కింద కొట్టేశాం.

మిక్సీలు, గ్రైండర్లు ఇంటింటికీ వచ్చేసిన రోజులవి. రోళ్ళు పెరట్లో మూలపడ్డాయి. పార్కుకు పాత రాళ్ళు కావాలని మైకులో చెప్పిస్తే ఆడవాళ్ళు రిక్షాలకెత్తించి మరీ పంపించారు. కమిషనర్ గారు మురిసిపోయి వాటిని నేలలో సగం దాకా పాతించి, గేటు నుంచి ఫౌంటెన్ దాకా అడుగు వేసే దారి చేయించారు. చూడటానికి ముచ్చటగానే ఉండేది. కానీ ఒక్క ఆడమనిషీ వాటి మీద కాలు పెట్టలేదు. రోలును ఎవరైనా తొక్కుతారా? అందరూ పక్కనున్న పచ్చిక మీద నడిచేవాళ్ళు. కొద్దిరోజులకు పచ్చిక చచ్చి, రోళ్ళ పక్కన ఒక మట్టిదారి పడింది.

మా డీఈ గారు ఆ మట్టిదారిని చూసి, "చూశావా, జనం వాళ్ళ డిజైన్ వాళ్ళు వేసుకున్నారు" అని నవ్వారు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, ఏ పనిలోనూ వేలు పెట్టకుండా సర్వీసు నెట్టుకొచ్చినవాడు. ఆ మాట ఆయన సరదాకే అన్నా, మేం ఆ రోజే ఆగి ఆలోచించాల్సింది. ఇచ్చేసిన రాయి మీద ఇచ్చినవాళ్ళ పట్టింపు పోదు. ఆ సంగతి రోలు దగ్గర నేర్చుకుని ఉంటే ఒక మనిషి బతికేవాడు.

కొబ్బరికాయ కొట్టిన రోజు

ఊరికి పడమట, రోడ్డు శ్మశానం వైపు తిరిగే మలుపులో ఒక పెద్ద రాతిపలక ఉండేది. మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత పొడుగు. రెండు పొట్టి రాళ్ళ మీద మోకాలెత్తున ఆనించి ఉండేది. నల్లగా, ఎండకు ఎండి వానకు తడిసి, నడిమధ్య కొద్దిగా అరిగిపోయి. దాని వెనక పడమటిపేట. మిల్లుల్లో, కోల్డ్ స్టోరేజీల్లో మోతపని చేసే హమాలీల ఇళ్ళన్నీ అక్కడే.

రోడ్డు వెడల్పులో ఆ పలక కూడా పోవాల్సిందే. ఆ ముక్కకు భూమిపూజ చేసినరోజు కమిషనర్ గారి కళ్ళు దాని మీద పడ్డాయి. అదేమిటో కనుక్కోమన్నారు. పేట పెద్ద రాఘవయ్య అక్కడే ఉన్నాడు. తలపాగా, తెల్ల పంచె, ఊళ్ళో నలుగురికీ మాట చెప్పగల మనిషి. నేను అడిగాను. ఆయన పలక వైపు చూశాడు, పసుపు కుంకుమ పెట్టిన కొబ్బరికాయ వైపు చూశాడు. ఎప్పటి రాయో అండి, మా తాతలనాటిది, తీసుకెళ్ళండి అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కరూ నోరు విప్పలేదు.

ఇప్పుడు మీకు వింతగా ఉండొచ్చు. నాకు కాదు. శుభమా అని కాయ కొట్టేచోట ఆ మాట ఎవరు పలుకుతారు? అది దింపుడు కళ్లం రాయి. పేటలో పోయినవాళ్ళను పాడె మీద తెచ్చి అక్కడ దించేవాళ్ళు. కొడుకో, తమ్ముడో వంగి చెవిలో మూడుసార్లు పిలిచేవాడు. ఏమో, ప్రాణం ఎక్కడైనా నిలిచి ఉందేమో, లేచి పలుకుతాడేమో అని ఆఖరి ఆశ. పలకకపోతే ఇక ఎత్తుకుని శ్మశానానికి వెళ్ళేవాళ్ళు. మాది పొన్నూరు దగ్గర డెల్టా పల్లె. మావైపు పాడెను కాలవకట్ట మీద దించుతాం, దానికోసం ప్రత్యేకంగా రాయి వేసుకోవడం నేనెరగను. కమిషనర్ గారికి అసలే తెలియదు. తెలిసినవాళ్ళకు నోరు రాలేదు. రాఘవయ్య తర్వాత నాతో అన్నది ఇంకొకటి కూడా ఉంది. ఆ రాయి పోతే పేటకు పట్టిన పీడ పోతుందని కుర్రకారు సంతోషించారట. అది ఆ మలుపులో ఉన్నందుకు పేటకు పిల్లనివ్వడానికి జనం జంకేవాళ్ళట.

పలకను చీమకుర్తి పంపి పాలిష్ పట్టించారు. అక్కడ నేను వద్దన్నాను. పాత రాయికి మెరుపు పెట్టడమంటే ముసలిదాని ముఖానికి స్నో పౌడరు రాయడమేనని చెప్పాను. పార్కు కాంట్రాక్టరు వినలేదు. అరిగిన చోటంతా చెక్కించి, నల్లటి అద్దంలా చేసి తెచ్చాడు. మొక్కల మధ్య, గేటు ఎదురుగా, అందరికంటే ముందు కనపడేలా దాన్ని బల్లగా వేశారు. పక్కన "పురాతన శిల" అని బోర్డు.

ఆయన కూర్చున్నాడు

పార్కు ప్రారంభానికి ఒక పెద్ద నాయకుడు వచ్చాడు. రిబ్బన్ కత్తిరించాక, ఎండకు అలిసి, ఎదురుగా కనపడ్డ ఆ నల్ల బల్ల మీద కూర్చున్నాడు. చల్లగా ఉందయ్యా అన్నాడు. ఫొటోలు తీశారు. కాసేపటికి మోచేతి మీద ఆని సగం పడుకున్నాడు కూడా. పేటవాళ్ళు కొందరు గేటు బయటే నిలబడిపోవడం నేను చూశాను. జనం ఎక్కువై లోపలికి రాలేకపోయారనుకున్నాను.

ఆ తర్వాత నెల తిరక్కుండానే విషయం బయటపడింది. పార్కులో ఊడ్చే పేట ఆడవాళ్ళు ఆ బల్ల దగ్గర మాత్రం చీపురు వెయ్యరు. ఎందుకని గద్దిస్తే ఒకామె చెప్పేసింది. నేను తిన్నగా డీఈ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన వెంటనే తలుపు వేయించారు.

"ఈ మాట నీ నోట్లోంచి ఇంకోసారి రాకూడదు. కాగితం మీద అసలు పెట్టకు. ఆయన దాని మీద కూర్చున్నాడయ్యా. పడుకున్నాడు కూడాను."

ఆయన భయం ఉత్తది కాదు. ఆ నాయకుడు గుమ్మడికాయ దిష్టి తియ్యందే ఇంట్లోంచి కదలని మనిషి. తనను శవాన్ని దించే రాయి మీద కూర్చోబెట్టారని తెలిస్తే మా ముగ్గురినీ ఏ మూలకు విసిరేవాడో చెప్పలేం. పైగా అది ఎన్నికల ముందు కాలం. కమిషనర్ గారికీ చెప్పాను. వైకుంఠ రథం వ్యాన్ కొంటున్నాం కదా, ఇక ఎవరూ భుజాల మీద మోయరు, ఆ ఆచారం దానంతటదే పోతుంది అన్నారు. మంచి మనిషే. కానీ భయపడ్డ మంచి మనిషి కూడా భయపడ్డ మనిషే.

అలా ఆ రాయికి రెండోసారి మౌనం పట్టింది. మొదటిసారి శుభం చెడుతుందని పేట మాట్లాడలేదు. ఈసారి ఉద్యోగం చెడుతుందని ఆఫీసు మాట్లాడలేదు. రాయిని కదపాలంటే కారణం చెప్పాలి. కారణం చెప్పే వీల్లేదు.

కోటయ్య అడిగింది

కోటయ్య కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, మోసేవాడు. నలభై దాటిన మనిషి, ఒంటినిండా ఆ ఘాటే. వాడు గదిలోకి వస్తే క్లర్కులందరూ తుమ్మేవాళ్ళు. వాడు సిగ్గుపడి గుమ్మం బయటే నిలబడి మాట్లాడేవాడు. అందుకని నేనే లేచి వరండాలోకి వెళ్ళడం అలవాటైంది.

వాడి తల్లి అంకమ్మ మంచం పట్టింది. కాళ్ళు పడిపోయాయి, నోరు మాత్రం బాగానే ఉంది. ఆమెకు ఒకటే చింత. మొగుణ్ణి ఆ రాయి మీదే దించారు. అత్తనూ మామనూ అక్కడే దించారు. కడుపున పుట్టి పోయిన ఇద్దరు బిడ్డల్నీ అక్కడే దించారు. తనను ఎక్కడ దించుతావని రోజూ కొడుకును అడుగుతోందట. వాడు ఏం చెప్పాలో తెలియక నా దగ్గరికి వచ్చాడు.

"రాయి పార్కులోనే ఉండనివ్వండి సార్. దాని బదులు అక్కడే, ఆ మలుపులోనే, ఓ నాపరాయి ఏయించండి చాలు. మా అమ్మకి చూపించి, ఇదిగోనే నీ సోటు అని చెప్పుకుంటా. రోడ్డు మధ్యలో దించమంటారా ఏంది నన్ను?"

వాడు అడిగింది అంతే. నేను డీఈ గారిని అడిగాను. శవాలు దించే అరుగని ఎస్టిమేట్లో ఎలా రాయమంటావు అని విసుక్కున్నారు. రాయకుండానే చేశాను. మిగిలిపోయిన రాళ్ళు రెండు తెప్పించి, మలుపులో కాలవ మీద, లారీలు రాని మార్జిన్లో వేయించాను. బస్సు కోసం జనం కూర్చునే బల్ల అని చెప్పాను. కోటయ్య వాళ్ళమ్మను కుర్చీలో మోయించుకొచ్చి చూపించాడు.  ఆఫీసుకొచ్చి దణ్ణం పెట్టి వెళ్ళాడు.

రోడ్డు వెడల్పయ్యాక ఆ మలుపులో కొట్లు మొలిచాయి. నా రాళ్ళ వెనక ఒక ఫ్యాన్సీ షాపు తెరిచారు. రాళ్ళు ఎందుకు వేశారో షాపాయన చెవిన పడింది. ఎవరి కొట్టు ముందు మాత్రం శవం దించుకోనిస్తారు? తెల్లారేసరికి రెండు రాళ్ళూ కాలవలో బోర్లా ఉన్నాయి. తీయించి మళ్ళీ వేయించాను. ఈసారి ముక్కలు చేసి పారేశారు. పోలీసులకు చెబుదామంటే, ఎందుకు వేశావని నన్నే అడుగుతారు. మళ్ళీ అదే మాట అడ్డం. కమిషనర్ గారిని ఇంకోసారి కలిశాను. ఎన్నికలు కానివ్వండి, పద్ధతిగా చేద్దాం అన్నారు.

కొత్త ఇంజనీర్లు ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. మేమంతా రాయి గురించే ఆలోచించాం. పాతదా, అందంగా ఉందా, ఎక్కడ పెడితే బాగుంటుంది అని. తీసేసిన చోటు గురించి ఒక్కరం ఆలోచించలేదు. రాయి కదిలే సరుకు, ఎత్తితే లేస్తుంది. జనం కాళ్ళు ఆగే చోటు లేవదు.

మలుపులో

ఎన్నికలు రాకముందే రాఘవయ్య పోయాడు. ఆరోజు తారు ఎలా వచ్చిందో చూడటానికి నేను ఆ రోడ్డు మీదే ఉన్నాను. అందుకే ఇదంతా కళ్ళారా చూశాను. చూడకపోయినా బాగుండేది.

డప్పులతో ఊరేగింపు వచ్చింది. ముందు కుండ పట్టుకుని పెద్ద కొడుకు, వెనక నలుగురు మోస్తూ పాడె. కోటయ్య వాళ్ళలో లేడు. జనాన్ని దాటుకుని ముందు నడుస్తూ లారీలను చేత్తో ఆపుతున్నాడు. మలుపు దగ్గరకు రాగానే మోసేవాళ్ళు ఎవరూ చెప్పకుండానే మార్జిన్ వదిలి రోడ్డు మధ్యకు జరిగారు. పాత రాయి ఉన్నచోటు ఇప్పుడు లారీలు పోయే వరస. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దించాలా వద్దా అన్నట్టు. పోయినవాడు పేట పెద్ద. పిలవకుండా తీసుకెళితే పేటకే తలవంపు. తారు మీద దించారు. కొడుకు మోకాళ్ళ మీద వంగాడు. డప్పులు ఆగాయి.

అప్పుడు వచ్చింది చీమకుర్తి లారీ. వెనక ఇంటిగది అంత రాతిదిమ్మె. అలాంటి బరువుతో ఉన్న బండి తొక్కగానే ఆగదు. కోటయ్య తువ్వాలు ఊపుతూ ఎదురు పరిగెత్తాడు. డ్రైవరు చేతనైనంతా తిప్పాడు, అతని తప్పు నేను ఎంచను. లారీ పాడెను తప్పించుకుని పోయింది. కోటయ్యను తప్పించుకోలేదు.

రాఘవయ్య మీద వేసిన పూలు కూడా చెదరలేదు. కోటయ్యను గుంటూరు తీసుకెళ్ళేలోగా దారిలోనే అయిపోయింది. పేటవాళ్ళు ఆ సాయంత్రం ఒక దహనం చేసి, ఇంకొకదాని కోసం ఎదురుచూశారు.

గేటు తాళం

పార్కు నా సెక్షన్ కిందిది. తాళాలు నా దగ్గరే ఉండేవి. మర్నాడు మధ్యాహ్నం పోస్టుమార్టం అయి శవం పేటకు చేరింది. కాసేపటికి కమిషనర్ గారి ఫోను. పేటవాళ్ళు శవంతో పార్కుకు వస్తున్నారట, గేటు మూయించండి, పోలీసులను పంపాను అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, ఏడుపే ఉంది.

విషయం ఇది. అంకమ్మ కొడుకు శవం మీద పడి ఏడవలేదట. ఆ రాయి మీద దించి, తాను పిలిచాకే వాణ్ణి కదలనిస్తానందట. ఆడది ఎలా పిలుస్తుందని కులపెద్దలు అన్నారు. పిలవడానికి వాడికి కొడుకులు లేరు, తమ్ముళ్ళు లేరు. మీరెవరైనా పిలిస్తే వాడు పలుకుతాడా అని ఆమె అడిగిందట. పెద్దలు పక్కకు తప్పుకున్నారట.

నేను వెళ్ళేసరికి ఎస్సై గేటు బయట ఉన్నాడు. ఎదురుగా రోడ్డు చివరి నుంచి హమాలీలు వస్తున్నారు. డప్పుల్లేవు. అందరి భుజాల మీదా మోతపని తువ్వాళ్ళే. పాడె వెనక కుర్చీలో అంకమ్మ. ఎస్సై నన్ను చూసి ఏం చేద్దామండీ అన్నాడు. తెరుద్దాం అన్నాను. దీన్ని ధైర్యమని ఎవరూ పొగడక్కర్లేదు. గేటు వేసి ఉంటే వాళ్ళు గేటు ముందే దించుతారు. అదీ రోడ్డే. లారీలు అక్కడా తిరుగుతాయి. ఇంజనీరుగా నాకు తోచింది అంతే. తాళం తీశాను.

పిల్లల్ని ఆడిస్తున్న తల్లులు పరుగున బయటికి పోయారు. పాడె రోళ్ళ దారి పక్కన, ఆ మట్టిదారి మీదుగానే లోపలికి వచ్చింది. రాయి మీద దించబోతే జారింది. అంత నున్నగా చేయించాం మరి. నలుగురూ తలా వైపూ పట్టుకున్నారు. ఎవరో భుజం మీది తువ్వాలు తీసి కింద పరిచారు. అది చూసి అందరూ పరిచారు. కారం రంగు తువ్వాళ్ళతో ఆ నల్లరాయి మొత్తం కప్పుకుపోయింది. అప్పుడు నిలిచింది.

ఫౌంటెన్ మోటారు హోరుమంటోంది. నేనే వెళ్ళి ఆపాను.

అంకమ్మను కుర్చీతో సహా దగ్గరకు చేర్చారు. ఆమె వంగి, కొడుకు చెవి మీద చెయ్యి పెట్టి, "కోటయ్యా" అని పిలిచింది. ఇంట్లోంచి వీధిలోకి కేకేసినట్టే పిలిచింది. ఆగింది. మళ్ళీ పిలిచింది. దింపుడు కళ్లం ఆశ అని మాటవరసకు ఎన్నోసార్లు అనుంటాను. అది ఎలా ఉంటుందో ఆరోజే చూశాను. శవపరీక్ష చేసి కుట్టిన ఒళ్ళది. అయినా అంతమంది మగవాళ్ళు, ఎస్సై, నేను, చెవులు రిక్కించి విన్నాం. మూడోసారి పిలిచాక ఆమె ఆచారానికి మించి చాలాసేపు అలాగే వంగి ఉంది. ఎవరూ తొందరపెట్టలేదు.

చివరికి తల ఎత్తి, కొడుకు ముఖం చూస్తూ, "నువ్వు గదరా నన్ను పిలవాల్సింది" అంది.

అంతే. ఎత్తుకుని వెళ్ళిపోయారు. తువ్వాళ్ళు ఎవరూ తీసుకోలేదు.

తర్వాత

ఆ సంగతి దాగలేదు. నాయకుడికి తెలిసింది. కమిషనర్ గారికి బదిలీ, నాకు చార్జి మెమో. డీఈ గారు మాత్రం ఏ మచ్చా లేకుండా రిటైరై సన్మానం చేయించుకున్నారు. పార్కుకు జనం రావడం మానేశారు. కొత్తగా వచ్చిన కమిషనర్ మొదటి వారంలోనే ఆ రాయిని పెళ్ళగించి మున్సిపల్ యార్డులో పడేయించారు. మలుపులో తిరిగి పెట్టించండని రాసిచ్చాను. ఈసారి కాగితం మీద, ఉన్నమాట ఉన్నట్టే రాశాను. ట్రాఫిక్ రీత్యా వీలుకాదని జవాబు వచ్చింది. అది తప్పు జవాబూ కాదు. అక్కడిప్పుడు నిజంగానే చోటు లేదు. ఒకసారి తీశాక తిరిగి పెట్టడానికి చోటు ఉండదు. చెత్తబండ్ల వెనక, విరిగిన లైటు స్తంభాల పక్కన అది చాలాకాలం మెరుస్తూనే ఉంది.

అంకమ్మ ఇంకా కొన్నేళ్ళు బతికింది. పేటవాళ్ళే వంతులేసుకుని చూశారు. నేను అప్పుడప్పుడు వెళ్ళేవాణ్ణి. కూర్చోబెట్టి, నా రాయి ఎక్కడుంది బాబూ అని అడిగేది. యార్డులో భద్రంగా ఉందమ్మా అనేవాణ్ణి. అయితే సరే అనేది.

ఆమె పోయిన రోజుకు వైకుంఠ రథం వచ్చేసింది. కోటయ్య పోయాక పేటలో ఎవరూ పాడె ఎత్తి ఆ రోడ్డు మీదకు రావడం లేదు. ఆమెనూ వ్యాన్లోనే ఎక్కించారు. నేను స్కూటరు మీద వెనకే వెళ్ళాను. యార్డు గోడ పక్కగా వెళ్ళింది వ్యాన్. మలుపు వచ్చింది. ఒక్క నిమిషం ఆపమని ఎక్కించేటప్పుడే డ్రైవరుకు చెప్పాను. అక్కడ బండి ఆపితే వెనకనుంచి గుద్దుతారు సార్ అన్నాడు. నిజమే. ముందూ వెనకా లారీలే.

వ్యాన్ ఆగలేదు. ఆమెను ఎవరూ పిలవలేదు.